రెండు ఎండలు

ఏ పనైనా ఒక్క చూపులో తేల్చేయడం నా అలవాటు. అదే సమర్థత అనుకునేవాణ్ణి. నిజానికి ఆ చూపు ఎప్పుడూ పక్క కల్లం మీదే ఉండేది. వాళ్లు ఎండిన మిరపకాయలు ఎత్తితే నేనూ ఎత్తేవాణ్ణి.

ఒక ఏడు అలాగే తొందరపడ్డాను. "ఇంకో రెండు ఎండలు పడాలండీ," అంది నా భార్య. "నీకేం తెలుసు," అని కాయలను టిక్కీ బస్తాల్లోకి తొక్కించి మూతులు కుట్టించాను. గుంటూరు యార్డులో కొనేవాడు ఒక టిక్కీ కోసి లోపలికి చెయ్యి పెట్టాడు. పిడికిట్లో తెల్లటి బూజు. వచ్చిన ధరకు తెగనమ్మి ఇంటికొచ్చి, మార్కెట్ పడిపోయిందని ఆమెతో చెప్పాను.

మొన్న మార్చిలో మళ్లీ అదే పరిస్థితి. పంటంతా కల్లంలో ఉంది. వినుకొండ వైపు మబ్బు పట్టింది. వాన పడుతుందని ఫోన్‌లో మెసేజ్. పక్కవాళ్లు ఎత్తేస్తున్నారు. తడిస్తే ఏడాది కష్టం పోతుంది, పచ్చి ఆరకుండా ఎత్తితే మళ్లీ బూజే. చేతిలో మూతులు కుట్టే దబ్బనం పట్టుకుని, మొదటిసారి ఆమెను అడిగాను.

"ఏం చేద్దాం?"

ఆమె చెప్పులు విడిచి కాయల్లోకి నడిచింది. పైవి వదిలేసి, అడుగున ఉన్నవి తీసి చెవి దగ్గర ఆడించింది. నాలుగడుగులు వేసి మళ్లీ ఆడించింది. పక్క కల్లం ఆసామి నవ్వాడు. "ఏరా, మీ కాయలు ఫోన్ చేస్తున్నాయా?"

"మీకూ చేశాయి అన్నయ్యా, మీరే తియ్యలేదు," అంది ఆమె తలెత్తకుండా. తర్వాత నాతో, "ఈ పక్కవి ఎత్తండి. గడ్డివామి నీడ పడే పక్కవి ఇంకా మెత్తగా ఉన్నాయి. వాటిని పల్చగా పరిచి పట్టా కప్పుదాం."

కల్లాన్ని రెండుగా చూడొచ్చని ఇన్నేళ్లలో నాకు తట్టలేదు. గడ్డివామి నీడ సాయంత్రాలు ఎంతవరకు పాకుతుందో చూసిందీ లేదు. ఆమె రెండు కాయలు నా చెవి దగ్గర ఆడించింది. ఒకదాంట్లో గింజలు గలగలమన్నాయి. రెండోది ఏమీ అనలేదు.

పట్టా కొస పట్టుకుని చెప్పేశాను. "ఆ ఏడు మార్కెట్ పడిపోలేదు. కాయలకు బూజు పట్టింది."

"తెలుసు. మీ చొక్కా ఉతికింది నేనేగా. దాని చేతులంతా బూజు వాసన. గట్టిగా పట్టుకోండి, గాలొస్తోంది."

వాన పడి వెలిసింది. పట్టా కింది కాయలు తడవలేదు. మర్నాడు పక్కవాళ్లు ఏం చేస్తున్నారో నేను చూడలేదు. రెండు ఎండలు పడ్డాక ఆమె ఒక కాయ ఆడించి, నా వైపు చాచింది. నేనూ విన్నాను. అప్పుడు దబ్బనం తీశాను.