నీలం బండి మీద గీత

మా ఎదురింటి అతను రెండేళ్ల కిందట ఒక పాత ట్రక్కు కొన్నాడు. చిన్న సరుకుల బండి, ముదురు నీలం రంగు. అంతకుముందు చిత్తూరు పక్క తోటల నుంచి ఫ్యాక్టరీలకు మామిడికాయలు తోలిన బండి అది. కొన్న మర్నాడే కాణిపాకం తీసుకెళ్లి పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి తెచ్చాడు. మాకూ ప్రసాదం ఇచ్చి వెళ్లాడు. తిరుచానూరులో పూలంగళ్లకు గంపలు చేరవేయడం అతని పని. ముప్ఫై ఏళ్లుంటాయి. నన్ను అక్కా అని పిలిచేవాడు.

మా వీధి సన్నం. ఆ బండి వచ్చాక ఇంకా సన్నబడింది. కొన్నాళ్లు మా గేటుకు అడ్డంగా పెట్టేవాడు, కొన్నాళ్లు వీధి మొదట్లో గోడ వారన పెట్టేవాడు. ఆ గోడ వారన ఒక పెద్దాయన తోపుడు బండి మీద ఇస్త్రీ చేసుకునేవాడు. మేము ఆ ఇంట్లోకి రాకముందు నుంచీ ఆయన అక్కడే ఉన్నాడు. ట్రక్కు వచ్చి నిలబడ్డ రోజున ఆయన తన బండిని కాలువ అంచుకు తోసుకోవలసి వచ్చేది. ఆయన వీధంతా వినబడేలా తిట్టేవాడు. నేను మాత్రం వాళ్ల గుమ్మం దాకా వెళ్లి మర్యాదగా చెప్పి వచ్చేదాన్ని. అతను వెంటనే తీసేవాడు, రెండు రోజులకు మళ్లీ అక్కడే పెట్టేవాడు.

నేను స్కూల్లో టీచర్ని. ఒకరోజు స్కూలుకు తనిఖీ ఉంది. పొద్దున స్కూటీ తీద్దామంటే గేటు ముందు ట్రక్కు. ఎదురింటి తలుపు తట్టాను, ఎవరూ లేరు. నడిచి, ఆటో పట్టుకుని, బడికి చేరేసరికి వచ్చినవాళ్లు నా తరగతిలోనే కూర్చుని ఉన్నారు. పిల్లల ముందే మా హెడ్‌మాస్టరు నన్ను రెండు మాటలు అన్నాడు. సాయంత్రం తిరిగి వస్తే బండి ఇంకా అక్కడే ఉంది.

వీధిలో ఎవరూ లేరు. గేటు తాళంచెవి నా చేతిలో ఉంది. బండికీ గోడకీ మధ్య ఉన్న సందులో నడుస్తూ, దాని తలుపు దగ్గర మొదలుపెట్టి వెనక దాకా తాళంచెవితో గీసుకుంటూ వెళ్లాను. ఎంతసేపు పట్టిందని, పది అడుగులు. లోపలికి వెళ్లి కాళ్లు కడుక్కున్నాను. కాఫీ పెట్టుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ కాఫీ నాకు రుచిగానే ఉంది.

మర్నాడు పొద్దున వీధిలో కేకలు వినిపించి బయటికి వచ్చాను. ఎదురింటి అతను ఇస్త్రీ పెద్దాయన చొక్కా పట్టుకుని ఉన్నాడు. అంతకు రెండు రోజుల ముందే ఆయన ఆ బండిని తిట్టడం అందరూ విన్నారు, కాబట్టి ఎవరికీ ఇంకో అనుమానం రాలేదు. నలుగురూ చుట్టూ చేరారు. పెద్దాయన దేవుడి మీద ఒట్టు పెట్టాడు, బిడ్డల మీద ఒట్టు పెట్టాడు. అప్పుడు గేటు దగ్గర నిలబడ్డ నన్ను చూశాడు.

"టీచరమ్మా, నువ్వన్నా చెప్పు తల్లీ. ఇన్నేండ్లుగా సూస్తా ఉండావు. నేను అట్లాంటోన్నా?"

అందరూ నా వైపు తిరిగారు.

"నేను చూడలేదన్నా," అన్నాను.

అబద్ధం ఆడలేదని ఆ పూటంతా నాకు నేనే చెప్పుకున్నాను. నేను గీసేటప్పుడు ఆయన్ని చూడలేదు, ఆ మాట నిజమే కదా. ఇలాంటి లెక్క మా తరగతిలో ఏ పిల్ల చెప్పినా నిలబెట్టి అడిగేదాన్ని.

వీధిలో వాళ్లు ఆయనకు బట్టలు ఇవ్వడం మానేశారు. అప్పటికే ఇచ్చినవాళ్లు వెళ్లి అన్నీ ఉన్నాయో లేదో చూసుకుని మరీ తెచ్చుకున్నారు. వారం తిరక్కుండానే పెద్దాయన, ఆయన భార్య ఆ తోపుడు బండిని చెరో వైపు పట్టుకుని తోసుకుంటూ వెళ్లిపోయారు. చంద్రగిరి రోడ్డు పక్కన ఏదో అపార్టుమెంటు ముందు పెట్టుకున్నారని తర్వాత తెలిసింది.

ట్రక్కును పెయింటింగ్ షెడ్డుకు తీసుకెళితే ఆ పక్కంతా కొత్తగా రంగు కొట్టాలన్నారట. అంత ఖర్చు తన వల్ల కాదని, ఫోన్‌లో వీడియోలు చూసి, షెడ్డులో పనివాళ్లను అడిగి, తానే చేసుకుందామని సామాను తెచ్చుకున్నాడు ఎదురింటి అతను. ఆదివారం పొద్దున వచ్చి, ఎండలో ఈ పని చేయకూడదట, మా గోడ నీడ కావాలి, మా బయటి కుళాయి నీళ్లు కావాలి అని అడిగాడు. సరేనన్నాను. కాసేపటికి ఇంట్లో ఉండలేక నేనూ ఒక గుడ్డ పట్టుకుని బయటికి వెళ్లాను. నువ్వెందుకక్కా అని మొహమాటపడ్డాడు. నేను వింటేనా.

ముందు షాంపూ నీళ్లతో బండి కడిగాం. మట్టి రేణువు ఒక్కటి మిగిలినా కొత్త గీతలు పడతాయని రెండుసార్లు కడిగించాడు. తుడిచాక చూస్తే ఒంటి నిండా గీతలే. మామిడి కొమ్మలు గీరినవి, ట్రేలు తగిలినవి, ఎవరో తాడు లాగినవి. వాటన్నిటి మధ్య నాది తిన్నగా, తెల్లగా కనిపిస్తోంది.

"గోరు పెట్టి సూడక్కా," అన్నాడు. "గోరు జారిపోతే పాలిష్‌తో పోతాది. తగులుకునిందంటే పెయింట్ లోపలికి దిగినట్టు."

పాత గీతల మీద నా గోరు జారిపోయింది. నా గీత మీద పెట్టమన్నాడు. వెనక వైపు జారింది. తలుపు దగ్గర తగులుకుంది.

"ఈడే మొదలుపెట్టినాడు. బాగా అదిమినాడు సూడు. ఎంత కసి ఉంటే ఇట్ల గీస్తారక్కా, ఆ వయసులో?"

నేను చేయి తీసేశాను. చెప్పడానికి అంతకన్నా మంచి సమయం లేదు. నీళ్లు అయిపోయాయని చెప్పి బకెట్టు తీసుకుని లోపలికి వెళ్లాను.

ఆ రోజు పైపై గీతలు మాత్రం తీశాం. నీళ్లలో నానబెట్టిన వాటర్ పేపరును, అంటే సన్నటి గరుకు కాగితాన్ని, రబ్బరు ముక్కకు చుట్టి, ఒకే దిక్కుగా, బరువు వేయకుండా రుద్దాలి. రుద్దిన చోట పాలలాంటి నీళ్లు కారతాయి, మెరుపు పోయి రంగు మసకబారుతుంది. పాడైపోయిందని నేను భయపడితే, అట్లే కావాలక్కా అని నవ్వాడు. తర్వాత కాంపౌండు అనే పాలిష్ ముద్దను గుడ్డకు అద్దుకుని గుండ్రంగా రుద్దితే ఆ మసక లోంచి నీలం మెల్లగా పైకి వస్తుంది. అందులో మన ముఖం కనబడే దాకా రుద్దాలి. నా ముఖం కనబడింది. పక్కకు జరిగి వేరే చోట రుద్దాను. లోతుగా దిగిన చోట చిన్న కుంచెతో రంగు నింపి, అది గట్టిపడడానికి వారం వదిలేశాడు.

ఆ వారమంతా స్కూల్లో పాఠం చెబుతున్నా, ఇంట్లో అన్నం తింటున్నా, ఆ పెద్దాయన నన్ను అడిగిన తీరే గుర్తుకు వచ్చేది. ఆయన వేరే ఎవర్నీ అడగలేదు. నన్నే అడిగాడు.

రెండో ఆదివారం, నింపిన రంగును వాటర్ పేపరుతో సమం చేసి పాలిష్ పెట్టాం. పదకొండు గంటలకల్లా అయిపోయింది. అతను నాలుగు అడుగులు వెనక్కి వెళ్లి, తల అటూ ఇటూ వంచి చూసుకున్నాడు. ఎంత సంతోషమో ముఖంలో. ఇక ఆ ముసలాయన చేసింది ఎవరికీ కనపడదన్నాడు. అంతటితో ఆగి ఉంటే నేను ఈ మాటలు రాసేదాన్ని కాదేమో. చంద్రగిరి రోడ్డు అపార్టుమెంటు వాచ్‌మన్ తనకు తెలిసినవాడేననీ, ఇట్లాంటి మనిషి, జాగ్రత్త అని అతనితో చెప్పి వచ్చాననీ అన్నాడు.

"ఆయన కాదప్పా. గీసింది నేను," అన్నాను.

ఊరికే అంటున్నాననుకుని నవ్వాడు. నేను తలుపు దగ్గర మొదలుపెట్టి వెనక దాకా ఎలా వెళ్లానో చెప్పాను. తనిఖీ సంగతి చెప్పబోయి, నాకే నచ్చక ఆపేశాను. అతను చేతిలో గుడ్డను చాలాసేపు మడతపెట్టాడు.

"నేను ఆయన చొక్కా పట్టుకుంటిని గదా," అన్నాడు చివరికి. "నువ్వు ఆడే ఉంటివి."

బండెక్కి, పక్క తలుపు తెరిచి పట్టుకున్నాడు. నేను ఎక్కాను. ఒకచోట రెడ్ సిగ్నల్ పడి ఆగితే, దిగి పారిపోదామా అనిపించింది నాకు. యాభై ఏళ్లకు దగ్గరపడిన మనిషిని.

పెద్దాయన అపార్టుమెంటు గోడ పక్కన ఇస్త్రీ చేస్తున్నాడు. ట్రక్కును చూసి పెట్టె పక్కన పెట్టి ఒక అడుగు వెనక్కి వేశాడు. మళ్లీ చొక్కా పట్టుకోవడానికి వచ్చారనుకున్నాడు. ఎదురింటి అతను వెళ్లి ఆయన చేతులు పట్టుకుని తప్పైపోయిందన్నాడు. నేను జరిగింది చెప్పాను. ఆయన భార్య నన్ను పైనుంచి కింది దాకా చూసి, అటు తిరిగి కూర్చుంది. ఆయన మాత్రం ఇస్త్రీ పెట్టె మళ్లీ అందుకుని, సగంలో ఆపిన చొక్కా కాలరు, చేతులు అన్నీ పూర్తి చేసి, మడత పెట్టి, దొంతర పైన ఉంచాడు.

"ఈడకొచ్చి నాకు చెప్తే ఏం లాభం తల్లీ? నేను గీయలేదని నాకు తెలుసు గదా. ఆ ఈదిలో చెప్పు."

మర్నాడు పాల బూతు దగ్గర చెప్పాను. మా వీధి ఆడవాళ్లు ఆరేడు మంది ఉన్నారు. మొత్తం చెప్పాను. వాళ్లు నన్ను అసహ్యించుకుంటారనుకున్నాను. ఒకామె నా భుజం తట్టింది. రోజూ గేటుకు అడ్డంగా పెడితే ఎవరికైనా ఒళ్లు మండదా అంది ఇంకొకామె. పాపం, ఎంత బాధపడుతున్నారో అని జాలిపడ్డారు. పొరపాటున చేయి జారిందన్నట్టు మాట్లాడారు. ఆయన చేశాడనుకున్నప్పుడు అదే గీతకు ఆయన ముప్పొద్దులా తినే అన్నం తీసేశారు, నాకేమో పాల ప్యాకెట్టు చేతికి అందించారు. అప్పుడు పడ్డ సిగ్గు ముందు, దాచిపెట్టుకుని తిరిగిన రెండు వారాలు ఏపాటివని?

పెద్దాయన తిరిగి రాలేదు. ఎదురింటి అతను వాచ్‌మన్‌కు నిజం చెప్పి వచ్చాడు, మరో రెండుసార్లు వెళ్లి పిలిచాడు కూడా. ఇక్కడ కుదురుకున్నానని ఆయన పంపించేశాడట. ట్రక్కును ఎదురింటి అతను ఇప్పుడు మెయిన్ రోడ్డు పక్క ఖాళీ జాగాలో పెడుతున్నాడు. ఎదురుపడితే నమస్తే టీచరమ్మా అంటాడు. అక్కా అనడం మానేశాడు.

మొన్న మా పక్క వాటాలోకి కొత్తగా ఒక కుటుంబం దిగింది. ఆ ఇల్లాలు వచ్చి, ఈ వీధిలో ఇస్త్రీ చేసేవాళ్లు ఎవరూ లేరా అని అడిగింది.

"ఒకాయన ఉండేవాడమ్మా, వేరే చోటికి వెళ్లిపోయాడు," అన్నాను.

ఎందుకు వెళ్లిపోయాడని ఆమె అడగలేదు. నేనూ చెప్పలేదు.