తూటాలకి బొట్టు

మా అత్తగారికి ఎల్క్ అంటే ఏమిటో చెప్పడానికి నాకు అరగంట పట్టింది. మన కణుజు దుప్పికి పెదనాన్న అనుకోండి, గుర్రమంత ఒళ్ళు, నెత్తిమీద బారెడు కొమ్ములు అన్నాను. ఆవిడ ఫోన్లో ఫొటో చూసి, "ఇంత లక్షణంగా ఉంటే చంపుతానంటావేవిటే తల్లీ!" అన్నారు. పోయినేడు నేను తెచ్చిన జింక మాంసం వేపుడు మారు వడ్డించుకున్నది కూడా ఆవిడే. ఆ సంగతి గుర్తు చేస్తే, "అది ప్యాకెట్లో వచ్చిందమ్మా, మొహం చూళ్ళేదు" అన్నారు.

నాకు వేట నేర్పింది మేముండే ఫ్రిస్కోలో మా పక్కింటి పెద్దాయన. పోయినేడు జింకని కొట్టింది ఆయన తుపాకీతోనే, ఈ ఏడే సొంతది కొన్నాను. ఆయనతో కలిసి ఎల్క్ వేటకి కొలరాడో వెళ్ళాలని నా కోరిక. దానికి పర్మిట్ లాటరీలో రావాలి. వీసా లాటరీ మొదటిసారే తగిలినదాన్ని, దీనికి మాత్రం నాలుగేళ్ళు పడిగాపులు పడ్డాను. వచ్చిన రోజు మీటింగ్ మధ్యలో కెవ్వున కేక పెడితే మా మేనేజర్ హడలిపోయాడు.

ఇక మిగిలింది తూటా ఎంచుకోవడం. మిక్సీ కొనాలన్నా నలభై రివ్యూలు చదివే వంశం మాది. స్ప్రెడ్‌షీట్ పెట్టాను. మామూలు సీసం తూటా ఒంట్లోకి దిగగానే ముక్కలైపోతుంది, ఎల్క్ భుజం ఎముక దగ్గరే ఆగిపోవచ్చు. పూర్తిగా రాగితో చేసినది పువ్వులా విచ్చుకుంటుంది గానీ ముక్కలవదు, లోతుగా దిగుతుంది. చవగ్గా దొరికే ప్రాక్టీసు తూటా అసలు విచ్చుకోదు, సూదిలా దూరి అవతలికి పోతుంది. దెబ్బ తిన్న జంతువు ఆ గాయంతోనే మైళ్ళకి మైళ్ళు పరిగెత్తి ఎక్కడో పడి చస్తుంది. అందుకే దాంతో వేటాడకూడదు.

ఇదంతా మా ఆయనకి వివరిస్తుంటే, అత్తగారు చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ విన్నారు.

"రాగిదే తీసుకో" అన్నారు తలెత్తకుండా. "సీసం కూట్లో పడితే పిల్లలకి మంచిది కాదు. రాగి చెంబులో నీళ్ళు ఎందుకు తాగుతాం మరి?"

మూడు వారాలు కూర్చుని నా స్ప్రెడ్‌షీట్ తేల్చింది కూడా సరిగ్గా అదే. నాకు ఒళ్ళు మండింది. మా ఆయన పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు.

అప్పుడు అత్తగారు చిక్కుళ్ళ పళ్ళెం పక్కన పెట్టి నా చెయ్యి పట్టుకున్నారు. "చంపితే చంపావు గానీ, ఒక్క దెబ్బకి పోవాలి. అది విలవిల్లాడిందని తెలిస్తే నాకు ముద్ద దిగదు. మాటియ్యి." ఇచ్చాను. నవ్వుతూ ఇచ్చినా, మాట మాటే.

రాగి తూటాల డబ్బాలో ఇరవై ఉంటాయి. ఒక్కోదానికీ మొన మీద ఎర్రటి ప్లాస్టిక్ ముక్కు. షూటింగ్ రేంజ్‌లో ఏడు కాల్చి గురి సరిచేసుకున్నాను. అవి పోగా పదమూడు. ఆ డబ్బా పక్కనే గురి నేర్చుకోవడానికి కొన్న ప్రాక్టీసు తూటాల డబ్బా.

బయల్దేరే ముందురోజే దసరా పడింది. అత్తగారి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ప్రతి ఏడూ ఆయుధ పూజకి లాప్‌టాప్‌లకీ స్క్రూడ్రైవర్లకీ బొట్లు పెట్టి విసుగెత్తిన మనిషికి ఇన్నాళ్ళకి ఇంట్లో నిజం ఆయుధం దొరికింది. "మొగవాళ్ళున్న కొంపల్లో లేదు, మా కోడలికుంది తుపాకీ!" అని బంధువులందరికీ వీడియో కాల్‌లో చూపించారు. పూజ వేళకి నేను ఆఫీసు కాల్‌లో ఉన్నాను. మర్నాడు తూటాల డబ్బా మూత ఎత్తి చూస్తే ఎర్రటి ముక్కులు బారులు తీరి ఉన్నాయి. మూత పెట్టి కారెక్కాను.

కొండ మీద తెల్లవారుజామున చేతులు కొంకర్లు పోయే చలి. గ్లౌజులతోనే నాలుగు తూటాలు ఎక్కించి, సేఫ్టీ వేసి, పక్కింటాయన పక్కన బోర్లా పడుకున్నాను. ఎండ వచ్చింది. ఎండతోపాటే అదీ వచ్చింది. రెండు వందల గజాల్లో, పక్కకి తిరిగి, పెళ్ళికొడుకులా నిలబడింది.

"కాల్చు" అని గొణిగాడు పెద్దాయన.

ట్రిగ్గర్ కోసం గ్లౌజు తీశాను. వేళ్ళ కొసలు ఎర్రగా ఉన్నాయి. చెయ్యి తెగిందా అనుకున్నాను. కాదు, గ్లౌజు తడికి అంటుకున్న కుంకుమ. ప్లాస్టిక్ ముక్కు రంగు కారదు కదా! అప్పుడు తట్టింది, పదమూడు ఉండాల్సిన డబ్బా నిండుగా ఎలా ఉందని. ఇరవై ఏళ్ళుగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను, ఇరవై లోంచి ఏడు తీసెయ్యడం రాలేదు నా మొహానికి.

ఇప్పుడు గొట్టంలో ఏది ఉంది? మంచిదే అయ్యుండొచ్చు. నాలుగేళ్ళ ఎదురుచూపు, కళ్ళెదుట ఎల్క్. "కాల్చు!" అని మళ్ళీ అన్నాడాయన. తెలుసుకోవాలంటే తుపాకీ తెరవాలి. తెరిచాను. టక్కుమంది. ఎల్క్ తలెత్తి మావంక చూసి, రెండు గంతుల్లో చెట్లలో కలిసిపోయింది.

కింద పడ్డ తూటాని ప్యాంటుకి తుడిచాను. కుంకుమ పోయింది. ఎర్ర ముక్కు లేదు. ప్రాక్టీసుదే.

ఆ తర్వాత మూడు రోజులు కొండలన్నీ తిరిగాం. ఒక్క ఎల్క్ కనిపిస్తే ఒట్టు. చేతికందింది నోటికందలేదు. దిగి వస్తూ సిగ్నల్ దొరగ్గానే ఫోన్ చేశాను, నాలుగు కడిగేద్దామనే.

"ఆ డబ్బాలో ఏం చేశారు అత్తయ్యా?"

"సగం డబ్బా పండగపూట ఏం బావుంటుంది? పక్క డబ్బాలోవి సర్ది నింపేశాను. అన్నిటికీ శుభ్రంగా బొట్టు పెట్టాను. ఏవైంది?"

జరిగింది చెప్పాను, గొట్టంలో ఉన్నది ఏ తూటానో తప్ప. ఆవిడ చాలా చిన్న గొంతుతో, "ఏది ఉందే అందులో? ఆ పాడుదేనా? నా చేత్తో నేనే..." అన్నారు.

జేబులో ఆ తూటా నా వేళ్ళ మధ్యే ఉంది.

"కాదత్తయ్యా, రాగిదే" అన్నాను.

ఆవిడ ఊపిరి వదిలిన చప్పుడు కొలరాడో దాకా వినిపించింది. ఆ మరుక్షణమే మొదలెట్టారు. "మంచిదే ఉంటే కాల్చడానికేం రోగం? నాలుగేళ్ళు ఎదురుచూసి ఉత్త చేతుల్తో వస్తావా, తింగరిదానా!"

ఇప్పుడు ఏ చుట్టం ఫోన్ చేసినా ఆవిడ ముందు చెప్పేది అదే. "మా కోడలు రాగి తూటా చేతిలో పెట్టుకుని అంత జంతువుని వదిలేసింది. బొత్తిగా వెర్రిబాగులది." స్పీకర్లో అందరూ నవ్వుతారు. మాట పడని దాన్నని పేరున్న నేను చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చుంటాను.