వాకిట్లో పెట్టిన పొయ్యి

పోయిన నెల, ఇప్పుడు జగిత్యాలలో ఉంటున్న మా బావగారింటికి, అంటే నా భర్త అన్నగారింటికి, పుట్టువెంట్రుకల విందుకు పోయినప్పుడు, హైదరాబాదులో ఉద్యోగం చేసే ఆయన మనుమరాలు తన ఫోనులో ఒక ఫోటో చూపించింది. పెద్ద హోటల్లో తిన్న జపాను వంటట, పేరు టోంకాట్సు అట. బంగారు రంగున వేగిన పందిమాంసపు ముక్క, పక్కన దారాల్లా తరిగిన క్యాబేజీ. చుట్టూ చేరినవాళ్ళందరూ అబ్బో అన్నారు. మా బావ కూడా కళ్ళద్దాలు సర్దుకుని చూసి, "మంచిగున్నది బిడ్డా, ఈపారి నన్ను గూడ తీస్కపో" అన్నాడు. నా చేతిలోని ముద్దను విస్తట్లోనే వదిలేశాను. చెయ్యి కడుక్కుని, ఎవరికీ చెప్పకుండా నేనుండే కోరుట్లకు బస్సెక్కాను. దారి పొడుగునా ఒళ్ళు మండుతూనే ఉంది.

ఆ వంట నాకు కొత్త కాదు. నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, వానలు మొహం చాటేసి, మా ఎల్లారెడ్డిపేట దిక్కు బావులన్నీ అడుగంటి, ఈతచెట్లు సైతం నిలువునా ఎండిపోయిన కాలం. కల్లు గీసి బతికే నా భర్తకు గీసేందుకు చెట్టే లేకపోయింది. చంకలో బిడ్డతో మేమిద్దరం బొంబాయి బస్సెక్కాం. ఆయన కట్టడాల దగ్గర సిమెంటు మోశాడు. నేను ఒక జపాను వాళ్ళింట్లో పనికి కుదిరాను.

ఆ ఇంటి అమ్మకు హిందీ నాలుగు ముక్కలు వస్తే నాకు మరో నాలుగు. మిగతాదంతా చేతులే మాట్లాడుకునేవి. మాంసం అంచున ఉన్న కొవ్వుకు గాట్లు పెట్టకపోతే ముక్క నూనెలో ముడుచుకుపోతుందని, కత్తి వీపుతో మెల్లగా కొట్టి, ఉప్పూ మిరియాలూ చల్లి, ముందు మైదాలో, తర్వాత గిలక్కొట్టిన గుడ్డులో, ఆపైన నిన్నటి బ్రెడ్డును ముతకగా తురిమిన పొడిలో పొర్లించాలని, ఆ పొడిని గట్టిగా అదమకూడదని ఆమె చేసి చూపించింది. పొడి వదులుగా ఉంటేనే ముక్క కరకరలాడుతుంది మరి. నా అంతట నేను చేసిన మొదటి రోజున నన్ను తన పక్కనే బల్ల దగ్గర కూర్చోబెట్టుకుని, వాళ్ళు తినే పళ్ళెంలోనే వడ్డించింది. మా ఊళ్ళో దొర ఇంటి గుమ్మం ముందు దోసిలి పట్టి నీళ్ళు తాగినదాన్ని, నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. నా భర్తకని రెండు ముక్కలు పొట్లం కట్టి పంపేది. ఆయన వాటికోసమే పొద్దుగూకులు ఎదురుచూసేవాడు.

ఆ సిమెంటు దుమ్మే చివరికి ఆయన ఊపిరితిత్తులను తినేసింది. ఊరికి తిరిగొచ్చేసరికి జొన్నరవ్వ గటక కూడా గొంతు దిగని మనిషి, ఒకరోజు నా కొంగు పట్టుకుని, "బొంబాయిల తెచ్చేదానివి గదా, గా ముక్క ఒక్కపారి చేసిపెడ్తవా?" అని అడిగాడు. నేను సిరిసిల్ల అంగడికి పోయి మాంసం, బేకరీలో బ్రెడ్డు తెచ్చి, ఇంట్లో మూకుడు పెట్టాను. ఆయన ఒక ముక్క కొరికాడో లేదో, వాసన పట్టుకుని మా బావ లోపలికి వచ్చాడు. పళ్ళెం లాగి వాకిట్లోకి విసిరాడు.

"ఇంట్ల పందిని వండుతవా? నలుగుట్ల మా ఇజ్జత్ ఏం గావాలె?"

మా బావ కల్లు దుకాణం వెనక అదే పందికూరను ఆకులో పెట్టించుకుని తినేవాడని ఊరంతటికీ తెలుసు. తిండి లేక తమ్ముడు పెళ్ళాం బిడ్డతో ఊరు విడిచిననాడు ఈ ఇజ్జత్ ఎక్కడ పడుకుందో! మిగిలిన ముక్కలూ నూనె మూకుడూ పట్టుకుని బయటికి వచ్చి, వాకిట్లో మూడు రాళ్ళు పెట్టి పొయ్యి ముట్టించాను. ఊరు ఊరంతా చూడనిమ్మన్నాను. నా భర్త గోడ పట్టుకుంటూ వచ్చి పొయ్యి పక్కన కూర్చుని, ఊదుకుంటూ ఊదుకుంటూ తిన్నాడు. అంతలో మా అత్త లోపలినుంచి వచ్చి, పెద్దకొడుకు మొహమైనా చూడకుండా నా ఎదుట చతికిలబడింది.

"నాకో ముక్క ఎయ్యి బిడ్డా. నా కొడుకు తినంగ జూసి ఎన్నొద్దులాయె!"

మా బావ తలుపు వేసుకున్నాడు. ఆ వారంలోనే మమ్మల్ని వేరు పెట్టి పశువుల కొట్టం చూపించాడు. నా భర్త ఆ వానాకాలం దాటలేదు. నేను బిడ్డను తీసుకుని కోరుట్ల చేరి, బీడీలు చుట్టి దాన్ని పెంచాను. మా బావ ఇంతవరకు తప్పు చేశానన్న మాట అనలేదు. మరిచిపోయాడేమో అనుకుంటే నాకు ఇంకా మంట.

ఇప్పుడు కోరుట్లలోనే బ్రెడ్డు పొడి ప్యాకెట్లలో దొరుకుతోంది. ఎవరేం తిన్నా అడిగేవాళ్ళు లేరు, ఏ వాసనకూ ఎవరి తలుపూ మూతపడదు. ఎప్పుడైనా మబ్బు పట్టిన పూట మూకుడు పెట్టి రెండు ముక్కలు వేయించుకుంటాను. వద్దనేవాళ్ళు లేరు, ఒక్కసారి చేసిపెట్టమని అడిగే మనిషీ లేడు.