మూల విరిగిన ముద్ర

మా ఆయన టోర్గిల్స్ ఎవరింట్లో కాఫీ తాగినా ముందు చెంచా తిరగేస్తాడు. వెనక కంసాలి ముద్ర చూడనిదే పంచదార వేసుకోడు. చావింట్లో కూడా ఇదే వరస. ఈ నలభై ఏళ్ల కాపురంలో సిగ్గుతో ఎన్ని బల్లల దగ్గర తల దించుకున్నానో నాకే తెలియదు. చేసింది ఫెర్రీలో టిక్కెట్లు చింపే ఉద్యోగం. కానీ మా హార్డాంగర్ ఫియర్డ్ సముద్రపాయ ఒడ్డున ఏ ఇంట్లో పాత వెండి బయటపడ్డా కబురు ఆయనకే వస్తుంది. బెర్గెన్ పట్నం కంసాలుల ముద్రలన్నీ కంఠతా వచ్చు. పెళ్లిరోజు మాత్రం గుర్తుండదు.

అలాంటి మనిషి పన్నెండేళ్ల కిందట ఒక తప్పుమాట చెప్పాడు.

స్టైనార్, ఒడ్వార్ అన్నదమ్ములు. తల్లి పోయాక పన్నెండు వెండి చెంచాలు పంచుకోవాల్సి వచ్చింది. అన్నీ ఒకే పెళ్లికి చేయించినవి, 1796 అని వాటి మీదే చెక్కి ఉంది. అన్నింటి వెనకా ఒకే బెర్గెన్ కంసాలి ముద్ర. అయితే ఆరింటి మీద ముద్ర నిండుగా ఉంది, మిగతా ఆరింటికి ఒక మూల విరిగింది. మా ఆయన భూతద్దం పెట్టి చూసి, నిండు ముద్రవే అసలైనవి, మూల విరిగినవి ఊరూరా తిరిగే ఎవడో దొంగముద్ర కొట్టినవి అని తేల్చేశాడు. పొలం పెద్దవాడికి వచ్చినట్టే అసలైనవీ పెద్దవాడికే వెళ్లాయి. నీకు నకిలీవి చాలులే అని స్టైనార్ నవ్వాడు. తమ్ముడు ఆ నవ్వు మింగలేకపోయాడు. ఫియర్డ్ అవతలి ఒడ్డున ఇల్లు కట్టుకున్నాడు. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు.

మొన్న వసంతంలో ఒక చర్చివాళ్లు పాత వెండి గిన్నె చూడమని మా ఆయన్ను పిలిచారు. దాని మీద అదే కంసాలి పేరు పూర్తిగా చెక్కి ఉంది, 1789 అని కూడా ఉంది. కింద ముద్రకు మూల విరిగి ఉంది. అంటే ఆ చెంచాలు చేయడానికి ఏడేళ్ల ముందే కంసాలి అచ్చు విరిగింది. విరిగినదే అసలు. నిండుగా ఉన్నది తర్వాత ఎవడో చెక్కుకున్న దొంగ అచ్చు.

ఆ రోజు మొదలు మనిషికి కాలు నిలవలేదు. తింటూ తింటూ లేచిపోతాడు. బూట్లు వేసుకుంటాడు, విప్పేస్తాడు. ఆ అన్నదమ్ములకు ఒక ఉత్తరం రాసి పడెయ్యరాదా అంటే వినడు, ఎదురుగానే చెప్పాలట. మూడు వారాలు ఓర్చుకున్నాను. నాలుగో వారం నేనే కారు తీసి, ఎక్కండి, లేకపోతే మీ పిచ్చి నాకూ పట్టేలా ఉంది అన్నాను.

కారుతో సహా ఫెర్రీ ఎక్కి అవతలి ఒడ్డుకు చేరాం. ఒడ్వార్ ఇంట్లో ఆ చెంచాలు బల్ల మీదే ఉన్నాయి. నకిలీవే కదా అని రోజూ వాడేస్తున్నారు. ఒకదాని మీద మనవరాలి పంటిగాట్లు కూడా ఉన్నాయి. ఒడ్వార్ భార్య మాకు పుల్లటి మీగడతో కాచిన జావ పెట్టింది. మా ఆయన దాన్ని ముట్టకుండా ఉన్నదంతా ఒక్క గుక్కలో చెప్పేశాడు. తప్పు తనదేనని, ఈరోజే అవతలి ఒడ్డుకు వెళ్లి మీ అన్నకూ చెప్పేస్తానని అన్నాడు. పన్నెండేళ్ల అవమానం తీరింది కదా, ఒడ్వార్ ఎగిరి గంతేస్తాడనుకున్నాను.

ఒడ్వార్ చెంచా పక్కన పెట్టాడు. "అన్నకు చెప్పకండి."

"అదేంటయ్యా?" అన్నాడు మా ఆయన.

"వదిన పోయింది. పిల్లల్లేరు. పొద్దస్తమానం ఆ ఆరూ ముందేసుకుని తుడుస్తూ కూర్చుంటాడట, పోస్టు తెచ్చే అమ్మాయి చెప్పింది. గుమ్మం తొక్కినవాళ్లకల్లా అవే చూపిస్తాడట. అవి నకిలీవని చెప్పి ఆయనకేం మిగులుస్తారు?"

మా ఆయన జావ గిన్నె పక్కకు జరిపాడు. "మరి నా తప్పు నేనెక్కడ దించుకోను, ఒడ్వార్?" అన్నాడు.

"పన్నెండేళ్లు నేను మోశాను. ఇక మీరు మోయండి." కోపంగా అనలేదు. జావ చల్లారిపోతోంది, తినమన్నాడు.

తిరుగు ఫెర్రీలో మా ఆయన వానలోనే రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డాడు. నిజం చెప్పలేక ఒక మనిషి అంతలా విలవిల్లాడడం నేనెప్పుడూ చూడలేదు. రేవు దాటగానే దారి రెండుగా చీలుతుంది. ఎడమకు తిరిగితే స్టైనార్ ఇల్లు, కుడికి తిరిగితే మాది. కారు ఆపి ఎటు తిప్పమంటారని అడిగాను. వెనకవాళ్లు హారన్ కొడుతున్నా నేను కారు కదల్చలేదు.

"ఇంటికే పోనీ," అన్నాడు చివరికి.