యాదగిరి నడిచి విన్నాడు

నిన్న పొద్దున్నే స్వప్న ఫోన్ చేసింది. "డాడీ పోయిండు బాబాయ్" అంది.

"ఎవరి డాడీ?" అని అడిగానట. అలా అడిగినట్టు నాకు గుర్తే లేదు.

మొన్న సాయంత్రం కూడా మాట్లాడాం. కొత్త స్పీకర్ వైర్ కొన్నానని చెబితే, నీ చెవులకు అంత సీన్ లేదని తిట్టాడు. రాత్రి పడుకున్నవాడు పడుకున్నట్టే పోయాడు.

యాదగిరి. నా క్లాస్‌మేట్. నా ఫ్రెండ్. నాకు సౌండ్ పిచ్చి అంటించిన దుర్మార్గుడు.

మధ్యాహ్నానికల్లా మా పాత బ్యాచ్ వాట్సాప్ గ్రూప్‌లో మెసేజ్‌లు మొదలయ్యాయి. ఒకాయన రాశాడు, "పాపం, ఒక్క చెవితోనే జీవితమంతా నెట్టుకొచ్చాడు" అని. దాని కింద ఇరవై నమస్కారాలు.

ఆ పాపం వెనక్కి తీసుకోండి సార్.

వాడు నెట్టుకురాలేదు. విన్నాడు. మనందరికంటే ఎక్కువ విన్నాడు.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. చిన్నప్పుడు చీము కారి కారి వాడి కుడి చెవి పూర్తిగా పోయింది. ఇల్లు లాలాపేట్‌లో, రైలు పట్టాల పక్కన. నాన్న రైల్వేలో కళాసీ. మేం గుంటూరు నుంచి వచ్చి తార్నాకలో అద్దెకుండేవాళ్లం. అరవైల చివర, యూనివర్సిటీలో ఒకే బెంచీ మాది. నేనెప్పుడూ వాడికి ఎడమ పక్కనే కూర్చునేవాడిని. కుడి పక్కన కూర్చుంటే నా జోకులన్నీ వేస్ట్.

జుమ్మెరాత్ బజార్ పాత సామాన్లలో రేడియో వాల్వులు ఏరి తెచ్చి సొంతంగా యాంప్లిఫయర్ కట్టుకున్నాడు. అలాంటివాడికి ఒక రోజు నోటీస్ బోర్డు మీద స్టీరియో షో పోస్టర్ కనబడింది. సికింద్రాబాద్ షాపాయన ఒకడు ఫారిన్ సెట్ తెప్పించి, క్యాంపస్‌లో పెద్ద హాల్లో వినిపిస్తాడట. అప్పటికి మాలో స్టీరియో విన్నవాడు ఒక్కడూ లేడు.

ఒకే సైకిల్ మీద ఇద్దరం పోయాం. తొందరగా పోయి ముందు వరసలో నడిమధ్య సీట్లు పట్టాం.

స్టేజీకి ఆ చివర ఒక స్పీకర్ బాక్స్, ఈ చివర ఒకటి. మధ్యలో ఎర్రగా వెలిగే వాల్వులు. యాదగిరి కళ్లార్పకుండా చూస్తున్నాడు.

షాపాయన సూట్ వేసుకుని ఇంగ్లీషులో అదరగొట్టాడు. ఎవరూ కదలకూడదు, కదిలితే ఎఫెక్ట్ పోతుందన్నాడు. తర్వాత రైలు రికార్డు పెట్టాడు. రైలు ఎడమ గోడలోంచి వచ్చి, మా ముందు నుంచి పోయి, కుడి గోడలోకి దూరింది. ఒట్టు, అలాగే అనిపించింది. హాల్లో తలలన్నీ దాంతోపాటే తిరిగాయి.

ఒక్క తల మాత్రం తిరగలేదు.

షాపాయన అది చూశాడు. ఏమైంది, బాగాలేదా అని అడిగాడు. యాదగిరి ఉన్నదున్నట్టు చెప్పాడు, సార్ నాకు ఒక్కటే చెవి అని. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

ఆయన మర్యాదగానే అన్నాడు. ఇది రెండు చెవులున్నవాళ్ల కోసం చేసిందట. వెనక చాలామంది నిలబడి ఉన్నారు కాబట్టి, ఆ సీటు ఎవరికైనా ఇచ్చి వెళ్తే బాగుంటుందట.

మర్యాదగా అంటే తప్పు ఒప్పవుతుందా?

నాకు ఒళ్లు మండిపోయింది. లేచి పోదాం పదరా అన్నాను. యాదగిరి లేచాడు. చెప్పులు విడిచి సీటు కిందికి తోశాడు. చప్పుడు కాకూడదు కదా.

"సీటు ఇస్త సార్. బయటికైతే పోను. కూసుంటే నాకు సగమే వినబడ్తది. నడిస్తె పూరా వినబడ్తది. మళ్లొక్కసారి పెట్టుండ్రి."

పోయి ఎడమ బాక్స్ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. షాపాయన పెట్టనన్నాడు. వీడు కదలలేదు. హాలంతా గోల. చివరికి ఆయన విసుక్కుంటూ మళ్లీ ముల్లు పెట్టాడు.

రైలు వచ్చింది. యాదగిరి దాంతోపాటే నడిచాడు. ఎడమ చెవి స్టేజీ వైపు పెట్టి, ఆ బాక్స్ నుంచి ఈ బాక్స్ దాకా.

ఆ తర్వాత వయొలిన్ రికార్డు పెట్టారు. వీడు మళ్లీ ఎడమ బాక్స్ దగ్గరికి పోవాలి. మామూలుగా తిరిగి నడిస్తే చెడ్డ చెవి స్టేజీ వైపు పడుతుంది. అందుకని వెనక్కి వెనక్కి నడిచాడు. అప్పుడు మొదలైంది అసలు నవ్వు. ఈలలు కూడా వేశారు.

నవ్వేవాళ్లు షో అయిపోయేదాకా నవ్వుతూనే ఉన్నారు. వాడు షో అయిపోయేదాకా నడుస్తూనే ఉన్నాడు.

బయటికొచ్చి సైకిలెక్కాక అన్నాడు: "మా ఇంటెనుక రైలు రోజూ పోతది. ఏ దిక్కు పోతున్నదో కండ్లతోని చూస్తెగాని నాకు తెల్వదు. ఇయ్యాల చూడకుండనే తెలిసింది."

నాకు ఏడుపొచ్చింది. ముందు కూర్చుని తొక్కుతున్నాను కాబట్టి వాడికి కనబడలేదు.

ఆ తర్వాత వాడు మానేసిన ఆడియో షో లేదు. బొంబాయి, మద్రాస్, బెంగళూరు, ఎక్కడికైనా పోయాడు. ఎక్కడా కూర్చోలేదు. కూర్చోమన్న ప్రతివాడితో గొడవ పెట్టుకున్నాడు. తర్వాత తార్నాకలో కట్టుకున్న ఇంట్లో వాడి మ్యూజిక్ రూమ్ చూసినవాళ్లకు తెలుసు, అందులో కుర్చీ ఉండదు. రెండు స్పీకర్ల ముందు కార్పెట్ మీద అరిగిపోయిన దారి ఉంటుంది.

నిన్న సాయంత్రం అన్నీ అయ్యాక ఆ ఇంటికే వచ్చాం. చావింట్లో పదకొండు రోజులు పాట వినబడకూడదని పెద్దలెవరో యాంప్లిఫయర్ ప్లగ్ పీకేశారు.

స్వప్న నా వంక చూసింది.

"పెట్టమ్మా. ఎవరన్నా అడిగితే బాబాయ్ పెట్టమన్నాడని చెప్పు" అన్నాను.

వయొలిన్ పెట్టింది. వాల్యూమ్ తగ్గించలేదు. హాల్లోంచి ఎవరో కోపంగా పిలిచారు.

ఆ అరిగిన దారిలో ఈ ముసలి మోకాళ్లతోనే నేను ఒకసారి నడిచాను. నా వెనకే స్వప్న నడిచింది. ఆ చివరికి పోయాక కుడి చెవి అరచేత్తో మూసుకుని, ఎవరూ చెప్పకుండానే, వెనక్కి వెనక్కి నడుచుకుంటూ వచ్చింది.

పోయిరా యాదగిరీ. అక్కడ ఎవడన్నా కూర్చోమంటే వినకు.

శాంతిగా ఉండరా. నిశ్శబ్దంగా మాత్రం ఉండకు.