పాత విమానం దిగిపోయిన రోజు

మా కాలనీలో నన్ను ధైర్యవంతుడంటారు. మందమర్రి బొగ్గుబాయిలో పాతికేళ్లకు పైగా పనిచేశాను. కప్పు కూలినప్పుడు లోపల ఇరుక్కున్నవాళ్లను బయటికి తెచ్చే జట్టులో కూడా ఉన్నాను. ఆ పేరు నేను అడిగి తెచ్చుకున్నది కాదు గానీ, వద్దని కూడా ఎన్నడూ అనలేదు. అందుకే ఇది రాయబోతే చెయ్యి వెనక్కి లాగుతోంది.

నేను రిటైరైన తర్వాతి చలికాలం. మా బిడ్డ ఢిల్లీలో నర్సింగులో పెద్ద చదువు ముగించింది. పట్టాలిచ్చే సభకు నన్నూ మా ఇంటామెనూ రమ్మని తనే విమానం టికెట్లు కొన్నది. రైలుకు వస్తామంటే వినలేదు.

"ఎన్నేండ్లు భూమి కింద తిరిగినవ్ బాపు. ఒక్కసారి పైన తిరుగు" అన్నది.

ముందురోజు కరీంనగర్‌లో మా బామ్మర్ది ఇంట్లో ఆగాం. ఆయన పక్కింటివాళ్లను కూడా పిలిచి చాయ్ పోయించాడు. "మా బావ బాయిల దిగినోడు. గాలిల ఎక్కుడు ఆయనకొక లెక్కనా" అన్నాడు అందరి ముందు. నేను కాదనలేదు. మా ఇంటామె మాత్రం బిడ్డకు తీసుకుపోయే సకినాలు విరగకుండా తువ్వాలలో చుడుతూ కూర్చుంది.

మర్నాడు పొద్దున హైదరాబాద్‌లో విమానం ఎక్కాం. ఆమె కిటికీ దగ్గర, నేను నడుమ, నా కుడిపక్క సూటు వేసుకున్న ఒక వ్యాపారి. తలుపులు వేశారు గానీ విమానం కదలలేదు. ఢిల్లీలో మంచు దట్టంగా ఉందని, అక్కడినుంచి అనుమతి వచ్చేదాకా ఇక్కడే ఆగాలని పైలట్ మైకులో చెప్పాడు. కొందరు కళ్లు మూసుకున్నారు, కొందరు ఫోన్లు తీశారు. నేను ఎదుటి సీటు సంచిలో ఉన్న పుస్తకం తీసి తిరగేశాను. లోపల మెరిసిపోతున్న కొత్త విమానాల బొమ్మలు. పాతవాటిని ఒక్కొక్కటిగా తీసేసి ఇవి తెస్తున్నామని రాశారు.

"మరి మనమెక్కింది?" అని వ్యాపారిని అడిగాను.

"పాతదేనండీ. ఈ సైజు పాతవన్నీ తీసేస్తున్నారు. ఇదింక ఎక్కువ రోజులు తిరగదు" అని ఆవలించాడు.

ఆయనకది మామూలు మాట. నాకు మాత్రం బాయిలో బొగ్గు టబ్బులు లాగే ఇనుపతాడు కళ్ల ముందుకొచ్చింది. మార్చాలని రాసిపెట్టిన తాడు అది. కొత్తది స్టోరుకు వచ్చింది కూడా. ఇంకొన్నాళ్లు నడుస్తుందిలే అనుకున్నారు. ఆ కొన్నాళ్లలోనే తెగింది. నా పక్కన పనిచేసేవాడు వెనక్కి దొర్లిన ఆ టబ్బుల కిందే పోయాడు.

కాళ్ల కింద ఎక్కడో రంపంతో కర్ర కోస్తున్నట్టు చప్పుడు మొదలైంది. నెత్తి మీద సామాను అరమూత సన్నగా అదిరింది. చెమట పట్టింది. ఊపిరి పీల్చుకుంటున్నాను గానీ అది ఛాతీలోకి దిగడం లేదు. బాయిలో దీపం ఆరిపోయినప్పుడు కూడా నాకట్లా కాలేదు. నేను లేచి నిలబడ్డాను.

"నన్ను దించుండ్రి" అన్నాను.

విమానం అమ్మాయి వచ్చి మెల్లగా నచ్చజెప్పింది. నీళ్లిచ్చింది. పైలట్ కూడా వచ్చాడు. "సార్, పూర్తిగా పరీక్ష చేసిన విమానం ఇది. మీరు దిగితే మీ సంచులు కింద వెతికి తియ్యాలి. అందరికీ ఆలస్యమవుతుంది" అన్నాడు.

ఆయన చెప్పింది నాకు అర్థమైంది. ఆ సంగతే ఇప్పటికీ గుచ్చుకుంటుంది. అర్థం కాక కాదు, అర్థమయ్యీ, "నేను దిగుత" అన్నాను. మా ఇంటామె నా అంగీ పట్టుకుని, "జర కూసో. అందరు చూస్తుండ్రు" అంది. నేను ఆమె చెయ్యి విదిలించాను. ఇంక చేసేది లేక ఆమె కూడా నా వెంట లేచింది.

మా సంచులు దొరికేసరికి ఢిల్లీ అనుమతి వచ్చి, పోయింది కూడా. మళ్లీ మంచు కమ్ముకుంది. విమానం సిబ్బందికి ఆ పూట పనివేళ అయిపోయిందన్నారు. విమానం రద్దయింది. మేం దిగిన తోవలోనే మిగిలినవాళ్లంతా దిగి వచ్చారు. పక్కసీటు వ్యాపారి నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు. "గీయనే" అని ఎవరో ఎవరికో చూపించారు.

కౌంటరు దగ్గర ముతక శాలువా కప్పుకున్న ఒక పెద్దామె నిలబడి ఉంది. ఆదిలాబాద్ నుంచి వచ్చిందట. నిన్న ఢిల్లీలో వాళ్ల అన్న చనిపోయాడని, ఇంకో విమానం ఉందేమో చూడమని అడుగుతోంది. రేపటిదాకా లేదన్నారు. ఆమె పక్కకు వచ్చి ఫోను చేసింది. నేను బెంచీ మీద, ఆమె మాటలు వినిపించేంత దగ్గరలో ఉన్నాను.

"నేను అందుకోను గని, మా అన్నను కాటికి తీసుకపోండ్రి. నా కోసం ఆపకుండ్రి" అని ఫోను కొంగులో చుట్టుకుంది.

తర్వాత నా పక్కనే కూర్చుంది. నా మొహం చూసి తన నీళ్ల సీసా ఇచ్చింది.

"పానం బాగలేదా తమ్మీ? దిగింది నువ్వేనట గదా. గుండెల ఏమన్న నొస్తుందా?"

"ఔ అక్కా" అన్నాను. నొప్పి లేదు, గిప్పి లేదు. ఆ అబద్ధం ఆడి, ఆమె నీళ్లు తాగాను.

"పానం కంటె ఏది ఎక్కువ కాదు తీ" అంది ఆమె.

ఆ మాట మా ఇంటామె కూడా విన్నది. ఆ పెద్దామె వెళ్లిపోయాక, "నువ్వు రైల్ల రా. నేను రేపటి విమానంల పోత. బిడ్డ ఒక్కతే నిలబడొద్దు" అంది. ఒంటరిగా కరీంనగర్ కూడా దాటి ఎరగని మనిషి, మర్నాడు సకినాల మూటతో ఒక్కతే పోయింది.

నా రైలు మంచులో ఆగి ఆగి, సభ అయిపోయిన మర్నాడు ఢిల్లీ చేరింది. బిడ్డ హాస్టల్లో తన స్నేహితులకు నన్ను చూపించింది. "మా బాపు. పాపం, మంచుకు విమానం క్యాన్సలైంది" అంది. అంటూ నా వైపు చూడలేదు. నా పరువు కోసం బిడ్డ అబద్ధమాడుతుంటే, నేను ఆ పిల్లల ముందు తలూపాను. పట్టా పట్టుకున్న ఫొటోలో బిడ్డ పక్కన వాళ్లమ్మ ఒక్కతే ఉంది.

తిరుగు ప్రయాణం కూడా విమానమే. "రైలెక్కుతవో, గిదే ఎక్కుతవో నీ ఇష్టం" అంది మా ఇంటామె. ఎక్కాను. అది కొత్త విమానం. సీట్ల తోలుకు కొత్త వాసన ఇంకా పోలేదు. తలుపులు పడగానే మళ్లీ లేచి దిగిపోవాలనిపించింది. అప్పటిదాకా తప్పంతా పాత విమానం మీదికి నెడుతూ వచ్చాను. ఇక నెట్టడానికి ఏమీ మిగల్లేదు.

"నాకు భయమైతుంది" అన్నాను ఆమెతో. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ మాట అనడం అదే మొదలు.

"ఎర్కే" అంది. "నువ్వు డ్యూటీకి పోయినప్పుడల్లా నాకు గిట్లనే అయ్యేది. నువ్వొచ్చి తలుపు కొట్టేదాక" అంది.

"ఒక్కనాడన్న చెప్పకపోతివి."

"చెప్తె పని మానేస్తుంటివా? బువ్వ గిన్నెల పెట్టి పంపుతుంటి."

ఆమె దాన్ని దెప్పినట్టు అనలేదు. నేను మాత్రం హైదరాబాద్ వచ్చేదాకా ఆమె మొహంలోకి చూడలేకపోయాను.

ఆదిలాబాద్‌లో మాకు చుట్టాలున్నారు. అప్పుడప్పుడు పోతుంటాను. బస్టాండులో దిగగానే నాకు తెలియకుండానే ఆడవాళ్ల మొహాలు వెతుకుతాను. ఆ పెద్దామె కనబడితే నిజం చెప్పాలని ఉంటుంది. కానీ ఒకసారి అటువంటి శాలువాయే దూరంగా కనిపించింది. అది ఆమేనో, ఇంకెవరో చూడకుండానే నేను నిర్మల్ బస్సు వెనక్కి తప్పుకున్నాను.