వడ్రంగి నడుం నొప్పి

ఒకప్పుడు ఆమెని అందరూ వడ్రంగి భార్య అనేవాళ్లు. మొగుడు విడిపోయి వెళ్లాక ఇద్దరు పిల్లల్నీ కుట్టుమిషను మీదే పెంచుకొస్తోంది కాబట్టి, ఇప్పుడు వీధంతా మిషనక్క అంటున్నారు. ఆ రోజు కుటుంబ కోర్టులో తేలాల్సింది ఒక్కటే: పిల్లల ఖర్చు కన్నతండ్రి నెలనెలా ఇస్తాడా, ఎగ్గొడతాడా?

ఎగ్గొట్టేలాగే ఉన్నాడు మహానుభావుడు! నడుం చుట్టూ బెల్టు బిగించుకుని కుర్చీలో మూలుగుతున్నాడు.

"చెంచా కూడా ఎత్తలేనండీ. పని మానేసి ఆర్నెల్లయింది. ఎక్కణ్ణించి తెచ్చివ్వను?"

జడ్జిగారు జాలిగా చూశారు. అక్క తరఫు లాయరమ్మ పెదవి విరిచింది. అక్కకి ఒళ్లు మండిపోయింది. అదంతా పచ్చి అబద్ధమని తెలుసు, కానీ రుజువెక్కడిది?

అప్పుడే ఎవరో లోపలికి వచ్చారు. ఆ గది తలుపు నేలకి రాసుకుంటూ కీచుమని అరిచింది. వడ్రంగి మూలుగు ఆపి పళ్లు నూరుకున్నాడు.

ఓహో! అక్క గుండె గంతులేసింది. ఈయనగారి సంగతి ఆమెకి తెలియనిదా? పక్కింటి కిటికీ కిర్రుమంటే తింటున్న అన్నం వదిలేసి పరిగెత్తే మనిషి! పిలవని పేరంటానికెళ్లినట్టు వెళ్లి బాగుచేసి, తిట్లు కూడా తినొచ్చేవాడు.

"మంచినీళ్లు తాగొస్తానండీ" అంటూ లేచింది. కీచు! తిరిగొచ్చింది. కీచు! "అయ్యో, సంచి బయటే మరిచిపోయాను." మళ్లీ కీచు!

"ఏమిటమ్మా నీ తిరుగుడు? కాలుగాలిన పిల్లిలా!" అని లాయరమ్మ కసిరింది. అక్క వింటేగా! అటు వడ్రంగి చెవులు మూసుకున్నాడు, తొడ గిల్లుకున్నాడు. మనిషికి చెమటలు పట్టేశాయి.

జడ్జిగారు భోజనానికి లేచారు. గదిలో వడ్రంగి ఒక్కడే మిగిలాడు. అక్క లాయరమ్మని లాక్కెళ్లి నడవా చివర స్తంభం వెనక నిలబెట్టింది.

"కాసేపు ఊరుకోండి మేడం, మీరే చూద్దురుగాని!"

వడ్రంగి అటూ ఇటూ చూసి జేబులోంచి స్క్రూడ్రైవరు తీశాడు. పని మానేసినవాడి జేబులో అదెందుకో ఆ దేవుడికే తెలియాలి! వంగడానికి అడ్డమని బెల్టు విప్పి పక్కన పడేశాడు. స్క్రూలు ఊడదీసి, అంత బరువు తలుపునీ ఒక్కడే అమాంతం ఎత్తి గోడకి చేరేశాడు. మడతబందులు సరిచేసి, మళ్లీ ఎత్తి బిగించాడు.

జడ్జిగారు తిరిగొచ్చి తలుపు తోస్తే చప్పుడే లేదు. "ఎవరయ్యా దీన్ని బాగుచేసింది?"

"నేనేనండీ!" వడ్రంగి ఛాతీ విరుచుకుని ముందుకొచ్చాడు. "పైబందు వదులైపోయిందండీ. ముందు బిగించినవాడెవడో గానీ శుద్ధ మొద్దు. నేనొక్కణ్ణే ఎత్తి..."

అప్పటికి గానీ నాలుక కరుచుకోలేదు. అక్క నవ్వాపుకోలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అంత తలుపు ఎత్తినవాడివి ఇద్దరు పిల్లల్ని పోషించలేవా?" అన్నారు జడ్జిగారు. "నెలనెలా ఒకటో తారీకుకల్లా కట్టు. తప్పితే జైలే."

అక్క ఒక్క పరుగున బయటికొచ్చి పెద్దపిల్లకి ఫోను చేసింది.

"గెలిచాం తల్లీ, గెలిచాం!"

అటునుంచి కేరింతేమీ వినపడలేదు. "అమ్మా, నాన్నకి నడుం నొప్పి తగ్గిందా? తమ్ముడు రోజూ అడుగుతున్నాడు."

తలొంచుకుని పక్కనించి వెళ్తున్న వడ్రంగిని అక్క ఆపి, ఫోను అతని చేతిలో పెట్టింది.

"నీ కూతురు నీ నడుం గురించి అడుగుతోంది. నువ్వే చెప్పు."

అతను ఫోను చెవికి ఆనించుకున్నాడు.

"తగ్గింది తల్లీ" అన్నాడు. "పూర్తిగా తగ్గిపోయింది."